కందిపొట్టు సంచిలో బాలింత పిల్లి

మా అత్తమ్మకు మేకలంటే ఎంత ప్రాణమో, నాకు అవంటే అంత చిరాకు. ఈ మాట ఆమె ముందే చాలాసార్లు అన్నాను కాబట్టి రాయడానికి మొహమాటమేమీ లేదు. సంతోష్‌నగర్‌లో ఫ్లాటులో పెరిగినదాన్ని నేను. మా ఇంట్లో జంతువంటే బల్లి ఒక్కటే, దానికి కూడా మా అమ్మ చీపురు చూపించేది. పెళ్లయి శాలిబండకు వచ్చిన మర్నాడు పొద్దున, వెనక దర్వాజా తీయగానే ఒక నల్ల మేక నా పట్టుచీర కొంగు నోట్లో పెట్టుకుని తీరుబడిగా నమలడం మొదలుపెట్టింది. నేను కెవ్వుమన్నాను. అత్తమ్మ పరుగెత్తుకొచ్చింది. కొంగు విడిపించి, నా వైపు కాదు, మేక వైపు చూసి, "అయ్యో బిడ్డా, జరీ గొంతుల గుచ్చుకుంటది గదనే!" అన్నది. ఆ ఇంట్లో నా స్థానమేమిటో నాకు అప్పుడే తెలిసిపోయింది.

అత్తమ్మ పుట్టింటివాళ్లు తరతరాలుగా జీవాలు కాసుకున్నవాళ్లు. ఆమెను కాపురానికి పంపేటప్పుడు వాళ్ల నాన్న బిందెలూ గిన్నెలతో పాటు తాడు కట్టిన మేకను కూడా పంపాడట. బస్సులూ షేర్ ఆటోలూ హారన్లు కొట్టుకునే రోడ్డు మీద నుంచి కొంచెం లోపలికి వస్తే మా గల్లీ. ఇల్లు చిన్నది, వెనక వాకిలి మాత్రం కాస్త పెద్దది. అక్కడ మెట్ల కింద తడకలు కట్టి, ఆ మొదటి మేక సంతానాన్ని అత్తమ్మ ఇన్నేళ్లుగా సాకుతూ వచ్చింది. మామయ్య బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన దృష్టిలో లోకంలోని ప్రతి వస్తువూ రెండు రకాలే. ఒకటి బాగయ్యేది, రెండోది స్క్రాపుకు వేసేది. ఇక మా ఆయనది షిఫ్టు డ్యూటీ. ఇంట్లో ఏ లొల్లి జరిగినా ఆ సమయానికి ఆయన నిద్రలోనే ఉంటాడు కాబట్టి ఇందులో ఆయనకు పెద్దగా పాత్ర లేదు.

వానలు మొదలై డెంగీ జ్వరాలు వచ్చాయంటే మా ఇంటికి ఎక్కడలేని గిరాకీ. పొద్దున్నే స్టీలు గిన్నెలు పట్టుకుని గల్లీ గల్లీ నుంచి వచ్చేవాళ్లు. మేకపాలు తాగితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ఏ డాక్టరూ చెప్పలేదు, పాతబస్తీ మొత్తం కలిసి తీర్మానించుకున్నది. పైగా ఆ పాలు పచ్చివే కావాలి. పొదుగు నుంచి పిండినవి పిండినట్టు, నురగ చల్లారకుండా తాగాలి. అత్తమ్మ ఎవరి దగ్గరా పైసా తీసుకునేది కాదు. "జరమొచ్చినోని తాన పైసలేంది?" అనేది.

నా చీర నమిలిన మేకకు ఒక కూతురుంది. అది కూడా కాటుక నలుపే. అది తొలిచూలు కట్టిన ఏడు మా అత్తమ్మ సంబరం చెప్పతరం కాదు. కోడలు వచ్చిన రోజు కూడా ఇంత సంబరపడలేదని మామయ్య నా దగ్గర చాడీ చెప్పారు. శనగపొట్టు, కందిపొట్టు, తవుడు, ఎక్కడెక్కడి నుంచో ఆటోలో వచ్చే పచ్చగడ్డి కట్టలు, అన్నీ దానికే. ఒక మధ్యాహ్నం అత్తమ్మ మెట్ల కింది కందిపొట్టు సంచిలో చెయ్యి పెట్టి, గబుక్కున తీసేసింది. లోపల చారల పిల్లి ఒకటి, దాని పొట్టకు అతుక్కుని ఇంకా కళ్లు తెరవని పిల్లలు.

"వెళ్లగొట్టండి అత్తమ్మా," అన్నాను నేను, చీపురు అందుకుంటూ. మా అమ్మ పెంపకం మరి.

"నీకు పుణ్యముంటది, లొల్లి చెయ్యకు. బాలింతది. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు తిప్పుతది. మనది ఎన్నో ఇల్లో ఏమో. నడిమిట్ల ఎల్లగొడితె పాపం తగుల్తది," అన్నది అత్తమ్మ.

ఆ ఎన్నో ఇల్లో తేల్చడానికి ఎదురింటి ఖాలాను పిలిచారు. పిల్లి ఈనింది గల్లీ చివర పాత ఇంట్లో అని, అక్కడి నుంచి తన రజాయిల పెట్టెలోకి వచ్చిందని, నిన్ననే మాయమైందని ఆమె సాక్ష్యం చెప్పింది. అంటే మాది మూడో ఇల్లు. "రైనే దో బహెన్, బిచారీ జచ్చా హై," అని ఖాలా కూడా బాలింత పిల్లి తరఫునే మాట్లాడింది. ఈ ఒక్క విషయంలో ఎదురెదురు ఇళ్లకు ఏ భేదమూ లేదు. నేను చీపురు మూలన పెట్టేశాను.

అలా ఒక ఒప్పందం కుదిరింది. సంచిలో ఒక పక్క పిల్లికి గూడు, ఇంకో పక్క నుంచి తీసిన పొట్టు మేకకు మేత. పిల్లి పిల్లలు పెరిగాయి, గోడలెక్కాయి, ఎలుకలను పట్టడం నేర్చుకున్నాయి, ఖాలా వాళ్ల పావురాల గూటి మీద కన్నేసి ఆమె చేత తిట్లు తిన్నాయి. అత్తమ్మకు అవంటే మహా మెప్పు. "సూడు బిడ్డా, ఎంత సాపు జంతువో! వాకిట్ల ఏడ గలీజు చెయ్యది," అనేది. వాకిట్లో చెయ్యనప్పుడు మరి ఎక్కడ చేస్తున్నాయో ఆమె ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. పిల్లికి అలాంటి పనికి మెత్తగా, పొడిగా, గీరి కప్పెట్టడానికి వీలుగా ఉన్న చోటు కావాలి. కందిపొట్టు కంటే మంచి చోటు దానికి మాత్రం ఎక్కడ దొరుకుతుంది?

కొన్నాళ్లకు పిల్లి తన సంసారాన్ని చాయ్ హోటలు వాళ్ల అటక మీదికి మార్చింది. నాలుగో ఇల్లు. అత్తమ్మ తృప్తిగా సంచి దులిపి, మిగిలిన పొట్టు నల్ల మేకకు పెట్టింది.

అది జరిగిన కొన్ని వారాలకు, ఇంకా నెలలు నిండకుండానే, ఒక పొద్దున నల్ల మేక ఈసుకపోయింది. అత్తమ్మ ఒట్టి చేతులతోనే ఆ చచ్చిన పిల్లను తీసి, పాత చీర ముక్కలో చుట్టి పక్కన పెట్టింది. తర్వాత మేక తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది మాటిమాటికీ తల తిప్పి ఆ చీర ముక్క వైపు చూసి అరుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. మేక కోసం కాదు, అత్తమ్మ ముఖం చూసి ఏడుస్తున్నాననుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే రెండింటికీ ఏడ్చానేమో.

మామయ్య వచ్చి చూశారు. ఇంజను మూత తీసి చూసినట్టే చూశారు. "తొలిచూలే నిలవకపాయె. ఇగ ఇది గొడ్డుదే. భాయ్‌కి జెప్త, అచ్చే శుక్రారం వచ్చి తోల్కపోతడు," అన్నారు.

భాయ్ అంటే మా గల్లీలో కోతకు మేకలు కొనుక్కుపోయే మనిషి. తొలిచూలు పోయిన మేకను అమ్మెయ్యడం అక్కడ అందరూ చేసే పనే. మామయ్యది దుర్మార్గమని నేననను. కానీ అత్తమ్మ నోరు తెరిచి 'వద్దు' అనకపోవడం చూసి నాకు మండింది. కూరలో ఉప్పు తగ్గిందన్నందుకు ఆయనతో రెండు రోజులు మాట్లాడని మనిషి ఇప్పుడు నోరు కుట్టేసుకుని కూర్చుంటే ఎలా? "లేవండి, పశువుల దవాఖానకు పోదాం. అమ్మేదైనా ఉంచేదైనా ముందు దానికి ఏమైందో తెలియాలి కదా," అన్నాను. నా గొంతు విని నేనే ఆశ్చర్యపోయాను.

ఆటోలో అత్తమ్మ, నేను, మధ్యలో మేక, కాళ్ల దగ్గర సంచిలో ఆ చీర మూట. డ్రైవరు దారి పొడవునా అద్దంలో మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు. మేక అతని సీటు వెనక రెగ్జిన్ రుచి చూస్తుంటే నేను దాని మూతి పట్టుకుని కూర్చున్నాను. నా పట్టుచీర గుర్తొచ్చి ఆ బాధలోనూ నవ్వొచ్చింది.

దవాఖానలో డాక్టరమ్మ అన్నీ ఓపిగ్గా అడిగింది. మేత ఏం పెడుతున్నారు, ఎక్కడ కడుతున్నారు, కొత్త మేకలేమైనా వచ్చాయా అని. చివరికి, "ఇంట్లో పిల్లులున్నాయా?" అన్నది.

"లెవ్వు మేడం. ఇప్పుడు నాలుగో ఇంట్ల ఉన్నయి," అన్నది అత్తమ్మ.

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఏడిళ్ల సంగతి, కందిపొట్టు సంచి సంగతి నేను చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టి తల పట్టుకుంది. అప్పుడే టాక్సోప్లాస్మోసిస్ అన్న పేరు మొదటిసారి విన్నాం. కంటికి కనిపించని ఒక చిన్న జీవి అట. ఎలుకల్లో, పిట్టల్లో ఉంటుంది. వాటిని వేటాడి తిన్న పిల్లి కడుపులో పెరిగి, దాని మలంలో కొన్నాళ్లపాటు బయటకు వస్తుంది. వేట కొత్తగా మొదలుపెట్టిన కుర్ర పిల్లులతోనే ఎక్కువ. అది పడిన మేత సూడి మేక తింటే కడుపులో పిల్ల నిలవకపోవచ్చు. పిల్లికి చెలగాటం, మా మేకకు ప్రాణసంకటం.

మేక రక్తం తీసి, మూటలోని దాన్ని కూడా పరీక్షకు పంపుతామన్నది. చచ్చిన పిల్లను, మాయను ఒట్టి చేతులతో ముట్టుకున్నందుకు అత్తమ్మను గట్టిగానే కోప్పడింది. ఇక మీదట గ్లౌజులు వేసుకోవాలని, పచ్చిపాలు ఎవరికీ పొయ్యకూడదని, కడుపుతో ఉన్న ఆడవాళ్లను ఈనుతున్న మేకల దగ్గరకు రానివ్వకూడదని చెప్పింది. "మరి నాకు గూడ అంటిందా మేడం?" అని అత్తమ్మ అడిగింది. అంత అనుమానముంటే మీ డాక్టరు దగ్గర రక్తపరీక్ష చేయించుకోండి అన్నది ఆమె.

అనుమానముంటే అన్న మాట ఆమె అనకుండా ఉండాల్సింది. మర్నాడే అత్తమ్మ నన్ను వెంటబెట్టుకుని మా వీధి డాక్టరు దగ్గర చెయ్యి చాపి కూర్చుంది. పరీక్ష ఫలితం వచ్చాక ఆయన నవ్వుతూ చెప్పాడు. "ఉందమ్మా. కానీ పాతది. ఎప్పుడో వచ్చి, ఒంట్లో ఒక మూల పడుకుంది. ఇలా చాలామందికి ఉంటుంది, ఉన్నట్టే తెలీదు. మందులేం అక్కర్లేదు."

"మరెవరికి ఫికర్?" అన్నది అత్తమ్మ.

"ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు. తర్వాత, కడుపుతో ఉన్నప్పుడు మొదటిసారి సోకినవాళ్లకు. కడుపులో బిడ్డకు ప్రమాదం కావచ్చు."

అత్తమ్మ కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత చాలా మెల్లగా అడిగింది. "సారూ, శానా ఏండ్ల కింద నాకు తొలి కాన్పు నిలవలే. గిదేనా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడు చెప్పలేమమ్మా. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఏదైనా, అందులో మీ తప్పేం లేదు," అన్నాడు.

ఆ సంగతి నాకు అంతవరకు తెలియదు. బయటికి వచ్చాక ఆమె ఇంటి దారి పట్టలేదు. "లాడ్ బజార్ దాంక పోదాం పా. గాజులు ఏస్కోక మస్తు దినాలాయె," అన్నది. దుకాణంలో గాజులాయన ఆమె చెయ్యి మెత్తగా ఒత్తి గాజులెక్కిస్తుంటే, ఆయనకు తెలుగు రాదన్న ధైర్యంతో, నా వైపు చూడకుండా మొత్తం చెప్పింది. బిడ్డ పోయిందని ఆమె అత్తగారు ఈమెను గొడ్రాలన్నదట. కొడుక్కు ఇంకో పిల్లను కూడా చూసి వచ్చిందట. "మీ మామ ఏమన్లే. కాదన్లే, అవునన్లే. పొద్దుగాల డ్యూటీకి పొయ్యెటోడు, మాపటికి వచ్చెటోడు. ఏడాది తిరిగినంక నీ మొగడు కడుపుల పడ్డడు, బతికిపోయిన." గాజులు ముంజేతి దాకా ఎక్కాయి. ఆమె చెయ్యి తిప్పి చూసుకుని, "ఎర్రయి బాగున్నయా, పచ్చయి బాగున్నయా?" అని అడిగింది. ఎర్రవన్నాను.

గురువారం డాక్టరమ్మ ఫోన్ చేసింది. మేకకు అదే రోగమని తేలింది. కానీ ఆమె చెప్పిన రెండో మాట నాకు అమృతంలా వినిపించింది. ఒకసారి ఇలా జరిగిన మేక ఒంటికి రక్షణ వచ్చేస్తుంది, మళ్లీ కడితే ఇదే రోగంతో ఈసుకపోవడం చాలావరకు ఉండదు, అమ్ముకోవద్దు అన్నది. నేను రెండు మాటలూ మామయ్యకు చెప్పాను. ఆయన మొదటిదే విన్నారు. "రోగమున్నదని ఆమెనే అంటుండె గద. ఇంక ఉంచుడేంది?" అన్నారు. అత్తమ్మ పొయ్యి దగ్గర అన్నీ వింటూ నిలబడింది.

శుక్రవారం నమాజు అయ్యాక భాయ్ తన పాత బండి మీద వచ్చాడు. మామయ్య కొయ్య నుంచి తాడు విప్పి అతని చేతికి అందించబోయారు. అత్తమ్మ లోపల నుంచి వచ్చి ఆ తాడు మధ్యలో పట్టుకుంది. కొత్త గాజులు గలగలమన్నాయి.

"ఆగు. దానికున్న రోగమే నాకున్నది. డాక్టర్ సారు రక్తం సూసి జెప్పిండు. తొలిచూలు దానికి నిలవలే, నాకూ నిలవలే. గొడ్డుదని దాన్నంటున్నవు, నన్ను గూడ గట్లనే అన్నరు. దాన్ని తోలేదుంటే నన్ను గూడ ఎక్కించు ఆ బండి మీద."

ఎదురింటి ఖాలా తడి బట్టలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అత్తమ్మ గొంతు తగ్గించింది. "ఆనాడు మీ అమ్మ ఇంకో పిల్లను సూసొస్తే నువ్వు నోరు తెరవలే. ఇయ్యాల నా మేక తాన గూడ గంతేనా?"

భాయ్ తాడు ముట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "తోబా తోబా, ఐసా నక్కో బోలో భాభీ," అన్నాడు. తర్వాత మామయ్య వైపు తిరిగి, "పైలే ఘర్ కా మామ్లా దేఖ్ లో భాయ్ సాబ్. బక్రీ కహాఁ భాగ్ జాతీ?" అని, ముందు ఇంటి సంగతి తేల్చుకొమ్మని చెప్పి బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. మామయ్య వంగి తాడును మళ్లీ కొయ్యకు కట్టారు. ఒక ముడి సరిపోయేదానికి మీద మీద ముడులు వేస్తూనే ఉన్నారు.

మామయ్యకు మాటలు రావు, చేతిపని వస్తుంది. మర్నాడు ఎక్కడి నుంచో ఒక ఇనుప డ్రమ్ము దొర్లించుకుంటూ తెచ్చారు. కడిగి, ఎండబెట్టి, దానికి మూత బిగించి, మూతకు కొక్కెం పెట్టారు. మేత అంతా అందులోకి పోయింది. తర్వాత చారల పిల్లి మా వాకిట్లోకి వచ్చి డ్రమ్ము చుట్టూ తిరిగి, మూత మీద కూర్చుని, మామయ్యను నిందగా చూసి వెళ్లిపోయింది. దాన్ని మేం తరమలేదు. పిల్లి మీద పగ అక్కర్లేదని, మేత దాని కాళ్ల కింద లేకుండా చూసుకుంటే చాలని డాక్టరమ్మ చెప్పింది. అత్తమ్మ కూడా ఏడో ఇల్లు పూర్తయ్యే దాకా దాని లెక్క మానలేదు. ఆరో ఇల్లు ఏదన్న దాని మీద ఆమెకూ ఖాలాకూ ఇప్పటికీ తగాదా ఉంది.

అసలు లొల్లి పాల దగ్గర వచ్చింది. ఆ ఏడు డెంగీ రోజుల్లో అత్తమ్మ పొయ్యి మీద పాలు పొంగించి గిన్నెల్లో పోస్తుంటే జనం ముఖాలు మాడిపోయాయి. కాగబెడితే బలం పోతుందని ఒకాయన వాదనకు దిగాడు. "బలం పాలల్ల ఉంటది నాయనా, పచ్చిదనంల ఉండది. కావాల్నంటె తాగు, లేకుంటె బొప్పాయి ఆకు నములుకో పో," అన్నది. ఆయన తాగాడు. మర్నాడు కూడా గిన్నె పట్టుకుని వచ్చాడు.

నల్ల మేక మళ్లీ సూడి కట్టింది. ఈసారి ఎవరూ పైకి సంబరపడలేదు. అత్తమ్మ రోజూ దాని కడుపు మీద చెయ్యి పెట్టి చూసేది. నేను ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఏమాత్రం సిగ్గు లేకుండా మొదట మేక సంగతే అడిగేదాన్ని. ముందుసారి పిల్ల పోయిన నెల దాటింది. తర్వాతి నెలా దాటింది. మామయ్య రోజుకు ఒకసారైనా డ్రమ్ము కొక్కెం లాగి చూసేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు వడ్డించుకుంటుండగా అది అరిచింది. అత్తమ్మ మోచేతుల దాకా గ్లౌజులు తొడుక్కుని కూర్చుంది. మొదటి పిల్ల తేలిగ్గానే వచ్చింది. రెండోది ఉందని ఎవరూ అనుకోలేదు. "నువ్వు వట్టు బిడ్డా, నా చేతుల ఇదున్నది," అన్నదామె. మేకలంటే చిరాకుపడే నేను, గ్లౌజులు తొడుక్కుని, కళ్లు సగం మూసుకుని, ఆ జారే బరువును నా చేతుల్లోకి తీసుకున్నాను. అది తుమ్మింది. నేను గట్టిగా నవ్వాను. ఆ అలికిడికి మా ఆయన కూడా నిద్రలేచి వచ్చాడంటే ఎంత గోల చేశామో ఊహించుకోండి.

ఖాలా, చాయ్ హోటలాయన, అందరూ వాకిట్లో పోగయ్యారు. మామయ్య ఛాతీ విరుచుకుని, "నేను మొదటి సందే జెప్తున్న, మంచి మేక ఇది అని," అన్నారు. అందరూ ఘొల్లున నవ్వారు. అత్తమ్మ కూడా నవ్వి, "అవునవును, నువ్వే జెప్పినవు," అన్నది.

జనం వెళ్లిపోయారు. మామయ్య గడప మీద కూర్చుని మొదటి పిల్లను గోనెపట్టాతో తుడుస్తున్నారు. డాక్టరమ్మ చెప్పినట్టు ఆయన చేతులకు కూడా గ్లౌజులున్నాయి. తల ఎత్తకుండానే, "ఆనాడు మా అమ్మతోని గూడ గీ మాట నేను జెప్పాల్సుండె," అన్నారు.

నేను రెండో పిల్లను ఎత్తుకుని పక్కనే ఉన్నాను. అత్తమ్మ నా చేతుల్లోంచి దాన్ని తీసుకుని, వెళ్లి ఆయన ఒళ్లో పెట్టింది.

"దీన్ని గూడ తుడువు," అన్నది.